నీటి నెత్తిన చుక్క

గోడ మీది ఎర్ర అంకె మారింది, చిన్న గంట మోగింది, హాల్లో ఉన్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి, ఎవరో ఒకరు లేచి కౌంటరు వైపు నడిచారు, మిగతా తలలు మళ్ళీ ఒళ్ళో ఉన్న కాగితాల మీదికి వాలాయి. నాది కాదు. నా ముందు ఇంకా కొందరున్నారు. పక్క కుర్చీలో ఒక వియత్నాం అమ్మాయి చంటిబిడ్డని భుజాన వేసుకుని కాగితాలు సర్దుకుంటోంది, ఆ బిడ్డ భుజం మీదుగా చెయ్యి చాపి నా కోటు గుండీ పట్టుకున్నాడు, వదలడం లేదు, నేనూ వదిలించుకోవడం లేదు, ఈ గదిలో ఇవాళ నన్ను ఎవరైనా పట్టుకుని ఉంటే బాగానే ఉంది. కిటికీ అవతల సెందాయ్ నగరం మీద పల్చగా మంచు పడుతోంది, నేలని తాకకముందే కరిగిపోయే మంచు, మా ఊళ్ళో దీన్ని మంచు అనరు. కాళ్ళు దగ్గర పెట్టుకుని, ఫైలు మోకాళ్ళ మీద నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు. ఈ ఇమిగ్రేషన్ ఆఫీసు నాకు కొత్త కాదు. చదువుకున్న రోజుల్లో ఏడాదికోసారి వచ్చేదాన్ని, ఉద్యోగం వచ్చాక మూడేళ్ళకోసారి, వచ్చి ఇంకొంతకాలం ఉండనివ్వండి అని అడిగి, ఇంకొంతకాలం పుచ్చుకుని వెళ్ళేదాన్ని. ఇవాళ అడగబోయేది వేరు. ఇంకొంతకాలం అనే మాట లేకుండా అడగాలి. ఎప్పటికీ ఉండనివ్వండి అని. పదేళ్ళు నిండితే అడగొచ్చన్నారు, నిండాయి, అడగడానికి వచ్చాను. కొండల్నీ వాగుల్నీ రైళ్ళనీ ఇన్ని కోట్లమందినీ పట్టుకుని ఉన్న దేశం దగ్గరికి ఒక లారీ డ్రైవరు కూతురు వెళ్ళి, నేనిక్కడే ఉంటాను, ఎప్పటికీ, అంటే, కౌంటరు అవతల కూర్చున్న అమ్మాయి తల ఊపి ఆ కాగితాలు తీసుకుంటుందట. ఇంత పెద్ద మాటని ఒక అట్ట ఫైల్లో పెట్టి అందించవచ్చట.

వరస సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూద్దామని ఫైలు తెరిచాను. పన్ను కట్టినట్టు కాగితం, పింఛనుకి కట్టినట్టు కాగితం, ఉద్యోగం ఉన్నట్టు కాగితం, నాకు పూచీగా ఉంటానని, కుంచెరాత నేర్పే ఒనొదెర టీచర్‌గారు ముద్ర వేసిన కాగితం, అన్నిటికన్నా పైన, నేను చేత్తో రాసింది, ఎందుకు ఉండాలనుకుంటున్నానో చెప్పే కాగితం. దాన్ని అందరూ టైపు చేయిస్తారు. నేను చేత్తో రాశాను, ఎప్పటికీ అనే మాట మెషీను చేత అనిపించడం నాకు బాగా అనిపించలేదు. చివరి వాక్యం చూశాను. మళ్ళీ చూశాను. ఇక్కడి లిపిలో శాశ్వత నివాసం అనే మాటకి రెండక్షరాలు, రెండోది ఉండటం, మొదటిది ఎప్పటికీ. ఆ ఎప్పటికీ అనే అక్షరాన్ని చూస్తే నీళ్ళు అనే అక్షరం లాగే ఉంటుంది, కాకపోతే నెత్తిన ఒక చుక్క. ఆ చుక్క నెత్తి మీదనుంచి జారి ఎడమ పక్కకి దిగితే అది ఎప్పటికీ కాదు, మంచుగడ్డ. నీళ్ళు అవే, చుక్క చోటు మారుతుందంతే. నా చివరి వాక్యంలో చుక్క పక్కనుంది. అందంగా, తీరుగా, ఎక్కడా చెయ్యి వణక్కుండా, "కాబట్టి నాకు మంచుగడ్డ నివాసానికి అనుమతి ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను" అని రాసి, కింద పేరు రాసుకున్నాను.

దిద్దడం తెలియక కాదు. మా కంపెనీలో తనిఖీ రిపోర్టులో తప్పు పడితే తెల్ల సిరా పూయకూడదు, చెరపకూడదు, తప్పు మీద రెండు గీతలు గీసి, పక్కన మన పేరున్న ముద్ర వెయ్యాలి, ఈ తప్పు నాదే, దిద్దిందీ నేనే అని. ముద్ర లేకుండా కొట్టివేసిన కాగితం చెల్లదు. ముద్ర ఇంట్లో వంటగది సొరుగులో ఉంది. ఇప్పుడు లేచి ఇంటికి వెళితే తిరిగి వచ్చేసరికి కౌంటరు మూసేస్తారు, ఇవాళ సెలవు ఇవ్వడానికే మా కంపెనీ పెద్దాయన కుమగాయ్ గారు క్యాలెండరు వైపు చాలాసేపు చూశారు. అలాగే ఇచ్చేస్తే? కౌంటరు దాటి లోపల ఎవరో తాపీగా చదువుతారు. పదేళ్ళు ఈ దేశంలో ఉండి, తను అడిగేదాని పేరైనా రాయడం రాని మనిషి అనుకుంటారు. అదీ కాదు నా భయం. నా భయం ఏమిటంటే, చెయ్యి ఊరికే జారదు. నిజం నాకన్నా ముందు నా చేతికి తెలిసిపోయిందేమో. ఎప్పటికీ అని రాయబోతే, కాదు, నీది ఒక చలికాలం కాపురం, ఎండ ముదిరితే పోయేదే అని అది రాసిపెట్టిందేమో.

అదే కాగితంలో పైన మంచు గురించి చాలా రాశాను, నిజానికి అందుకే జారి ఉంటుంది, ఎందుకు ఉండాలనుకుంటున్నావు అంటే నాకు మంచు దగ్గర్నుంచే మొదలుపెట్టాలనిపించింది. మాది మంగోలియాలో ఖత్‌గల్, ఖువ్స్‌గుల్ సరస్సు దక్షిణపు కొన. చలికాలం సరస్సు గడ్డకడితే అదే మా రోడ్డు, నాన్న ఆ రోడ్డు మీద అవతలి కొనకి లారీలో డీజిలు పీపాలు తోలేవాడు. తలుపు తెరిచే నడిపేవాడు. అంత చలిలో, ఊపిరి మీసాల మీద గడ్డకట్టే చలిలో, లారీ తలుపు బార్లా తెరిచి. నేను పక్కన గొర్రెతోలు కోటులో మూటలా కూర్చుని, ఎందుకు నాన్నా తలుపు, అంటే, "మంచు పగిలితే దూకాలిగా" అనేవాడు. "ఎటు దూకాలి?" "నువ్వు నా మీదికి, నేను బయటికి." తర్వాత నవ్వేవాడు, ఆ నవ్వు చూసి నేనూ నవ్వేదాన్ని, భయం అనేది నవ్వు తర్వాత వచ్చేది కాబట్టి ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. మధ్యలో లారీ ఆపి ఇనప గడ్డపార తీసుకుని దిగేవాడు. మంచు మీద ఒక దెబ్బ వేసి, టోపీ చెవులు పైకెత్తి, మోకాళ్ళ మీద వంగి వినేవాడు. నన్నూ దింపి వినమనేవాడు. కింద నల్లగా, అద్దంలా, అంత లోతు నీళ్ళు, వాటి మీద నేను, నా కింద మా నాన్న దెబ్బ దూరంగా వెళ్ళి దూరంగా తిరిగొచ్చే చప్పుడు. ఒక్కోసారి దెబ్బ వెయ్యకుండానే సరస్సు మోగేది, అడుగున ఎవరో కొండంత తలుపు మూసినట్టు, ఆ మోత ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి పరిగెత్తేది, నేను నాన్న కాలు కరుచుకునేదాన్ని. "ఏం లేదు తల్లీ, ఒళ్ళు విరుచుకుంటోంది. నువ్వు పొద్దున్నే చెయ్యవూ?" మంచు మీద ఉన్నంతసేపూ నాన్న ఆ సరస్సు పేరు ఎత్తేవాడు కాదు. అమ్మ అనేవాడు. ఎందుకని అడిగితే, "మనల్ని మోస్తోందిగా. మోసేవాళ్ళని పేరు పెట్టి పిలుస్తామా?" అన్నాడు.

అందుకే ఇక్కడ నా పేరుతో నాకు మొదట్నుంచీ చిక్కే. మాకు ఇంటిపేర్లు లేవు, మనిషికి ఒక పేరు, దాని ముందు నాన్న పేరు. నేను మరల్మా, లువ్సాన్ కూతురు మరల్మా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి నాన్న పేరు రాశారు, దాంతో ఈ దేశంలో కాలు పెట్టిన రోజు నుంచి బ్యాంకులో, ఆసుపత్రిలో, ఆఫీసులో అందరూ నన్ను లువ్సాన్ గారూ అంటారు. మా దగ్గర కన్నవాళ్ళ పేరు నోటితో అనకూడదు. ఎవరైనా గట్టిగా అడిగితే తల దించుకుని మెల్లగా చెప్పాలి. అలాంటిది, మొదటిసారి ఒక నర్సు హాలంతా వినబడేట్టు లువ్సాన్ గారూ అని పిలిస్తే నేను లేచి చుట్టూ చూశాను, నాన్న ఎక్కడున్నాడా అని. కంపెనీలో చేరినప్పుడు కుమగాయ్ గారు నాకో గుండ్రటి ముద్ర చెక్కించి ఇచ్చారు, దాని మీదా నాన్న పేరే. రిపోర్టు కింద ఎర్రగా ఆ పేరు వేస్తున్న ప్రతిసారీ నా తల దానంతట అదే కొంచెం వంగుతుంది. కుమగాయ్ గారు చాన్నాళ్ళు నాకు మెడ నొప్పి అనుకున్నారు, ఒకసారి మెడకి అంటించుకునే నొప్పి పట్టీలు కూడా కొనుక్కొచ్చారు.

నెల కిందట ఫోన్లో చెప్పాను నాన్నకి, ఇక్కడ ఎప్పటికీ ఉండటానికి దరఖాస్తు పెడుతున్నాను అని. నాన్న ఇప్పుడు లారీ తోలడు, మా తమ్ముడి గ్యారేజీలో కూర్చుని కుర్రాళ్ళని తిట్టడం ఆయన పని, గొంతు వెనక సుత్తి చప్పుళ్ళు. "ఎప్పటికీనా?" అన్నాడు. "ఎప్పటికీ అంటే ఎంతకాలం?" "ఎప్పటికీ అంటే ఎప్పటికీ నాన్నా." "ఒకే చోటా?" "ఒకే చోట." "మరి గడ్డి ఏమైపోవాలి?" అన్నాడు. నాన్న వేళాకోళం ఆడుతున్నాడా అని విన్నాను, సగం వేళాకోళం, సగం నిజంగానే అడుగుతున్నాడు. ఒక చోట ఎక్కువకాలం ఉంటే కింద గడ్డి పోతుంది, అందుకే మా వాళ్ళు డేరా ఎత్తేది, అందుకే మా భాషలో ఇల్లు కదలడమనే మాట పండగ మాటలా ఉంటుంది. "ఇక్కడ గడ్డి లేదు నాన్నా, కాంక్రీటే." "అయితే ఫరవాలేదు, దాన్ని ఎన్ని గొర్రెలు మేసినా అరగదు" అన్నాడు. తర్వాత మెల్లగా, పక్కన కుర్రాళ్ళు వినకుండా, "తల్లీ, అది మోస్తుందా?" అన్నాడు. ఏది నాన్నా అని అడగలేదు నేను. మోస్తుంది అన్నాను. "చెవి పెట్టి విన్నావా?" విన్నాను అన్నాను.

గంట మోగింది. తలలు లేచాయి. నాది కాదు, దగ్గరికొచ్చింది. బిడ్డ గుండీ నోట్లో పెట్టుకోవాలని చూస్తున్నాడు, వాళ్ళమ్మ "అయ్యో, క్షమించండి" అంది, "ఉండనివ్వండి" అన్నాను.

విన్నాను అన్నది అబద్ధం కాదు. వినడమే నా ఉద్యోగం. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని, సివిల్ ఇంజనీరింగ్ చదివాను, పట్టా తీసుకున్న రోజున నాన్న నా ఫోటోకి ఫ్రేము కట్టించి లారీలో అద్దం పక్కన వేలాడదీశాడు, ఇంత చదివి చివరికి నేను చేసేది ఏమిటంటే, చిన్న సుత్తి పుచ్చుకుని వంతెనల కిందికి దూరి కాంక్రీటుని కొట్టి వినడం. గట్టిగా ఉన్నచోట చప్పుడు పైకి లేస్తుంది, సన్నగా, గంట లాగా. లోపల బోలు పడినచోట చప్పుడు మునిగిపోతుంది. అలాంటి చోట సుద్దముక్కతో సున్నా చుట్టి ఫోటో తీస్తాం. మొదటిరోజు కుమగాయ్ గారు సుత్తి చేతికిచ్చి, వినండి, అన్నప్పుడు నేను ఆలోచించకుండా టోపీ చెవుల మీదనుంచి పైకి లాగి, మోకాళ్ళు వంచాను. "ఎక్కడ నేర్చుకున్నారు ఇది?" అన్నారు ఆయన. ఇంత దూరం వచ్చి, ఇన్ని పరీక్షలు రాసి, నేను చేరింది మా నాన్న గడ్డపార దగ్గరికే అని అప్పుడే తెలిసింది.

కొండల్లో సవాకుచి అని ఒక వంతెన ఉంది. చిన్నది, వాగు మీద, బడి బస్సు పోతుంది, ముల్లంగులు నింపుకున్న తోపుడు బండితో ఒక ముసలాయన పోతాడు, అంతే. దాని కింద, వాగు అవతలి గట్టు దగ్గర, నా అరచేయంత మేర చప్పుడు మునుగుతుంది. ప్రమాదమేం కాదు. రిపోర్టులో రాశాను, ప్రస్తుతానికి గమనిస్తే చాలు, వచ్చే తనిఖీలో మళ్ళీ వినాలి అని. ఇక్కడ ప్రతి వంతెననీ అయిదేళ్ళకోసారి చూడాలని చట్టం. నా అనుమతి మూడేళ్ళు. ఆ రిపోర్టు చూసి కుమగాయ్ గారు నవ్వారు, "లువ్సాన్ గారూ, వంతెనకి అయిదేళ్ళు, మీకు మూడేళ్ళు. మీకన్నా దాని వీసానే నయం." నేనూ నవ్వాను. ఆ రోజు సాయంత్రం బస్సులో వస్తుంటే ఆ నవ్వు అడ్డం పడింది. వచ్చే తనిఖీలో మళ్ళీ వినాలి. ఎవరు వినాలి? ఆ అరచేయి పెరిగిందో లేదో చెప్పాలంటే మొదటిసారి అది ఎలా మోగిందో గుర్తున్న చెవి కావాలి. ఎందుకు ఉండాలనుకుంటున్నావు అన్న ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. నా అనుమతి నా ఉద్యోగానికి కట్టి ఉంది, కుమగాయ్ గారికి డెబ్బై దాటాయి, తర్వాత కంపెనీ చూసుకునేవాళ్ళు లేరు, కంపెనీ మూసిన రోజున నా చెవి ఈ దేశంలో ఉండకూడని చెవి అవుతుంది. అలా కాకుండా, ఉద్యోగం ఉన్నా మారినా, ఆ వంతెన కిందికి అయిదేళ్ళకి మళ్ళీ నేనే వెళ్ళాలి. అదే రాశాను. నాన్న గురించి, మంచు గురించి, సవాకుచి గురించి రాశాను, రాస్తున్నంతసేపూ ఆవగింజంత కూడా అబద్ధం లేదనిపించింది, చివరికొచ్చి చుక్క పక్కన పెట్టాను.

అదీ ఆ అక్షరం దగ్గర. ఒనొదెర టీచర్‌గారు ఏడాదిపాటు, ప్రతి శనివారం, పేట సంఘం హాలు మేడ మీద నా చేత రాయించిన మొట్టమొదటి అక్షరం అదే. కుంచె పట్టిన ఎవరైనా దాంతోనే మొదలుపెట్టాలి, కుంచెకి తెలియాల్సిన గీతలన్నీ, చుక్క, అడ్డం, నిలువు, కొక్కెం, ఎగరేసేది, ఈడ్చేది, అన్నీ ఆ ఒక్క దానిలోనే ఉన్నాయట. అది రాయడం వస్తే అన్నీ వచ్చినట్టేనట. ఎప్పటికీ అనే మాటలోనే అన్ని మాటలూ పుట్టే గీతలుండటం ఎవరి ఆలోచనో, ఆ మాట విన్నరోజు నేను కుంచె కింద పెట్టేశాను. టీచర్‌గారు ఇంకా చెప్పింది. దాని పక్కన నీటి గుర్తు పెడితే ఈత. మాట గుర్తు పెడితే పద్యం చదవడం. నీళ్ళు పాడతాయా టీచర్‌గారూ అని అడిగాను. "మీ ఊళ్ళో పాడతాయని నువ్వే చెప్పావుగా, నన్నడుగుతావేం" అంది. ఆమె తప్పు మీద ఎర్ర సిరా వెయ్యదు. ఒప్పు మీద ఎర్రగా సున్నా చుడుతుంది. చుట్టని చోట ఏం తేడా ఉందో మనమే వెతుక్కోవాలి. నేను వెతుక్కుంటూ కూర్చుంటే ఆమె కిటికీలోంచి చూస్తూ టీ తాగుతుంది, గంటైనా తాగుతుంది.

పూచీ అనే మాట వింటే ఇక్కడ ఎంత మంచివాళ్ళయినా అడుగు వెనక్కి వేస్తారు. ఈ కాగితంలో పూచీ అంటే డబ్బు కాదు, ఈ మనిషి బుద్ధిగా ఉంటుంది, నేను చెబుతాను, అంతే. అయినా ఆ మాట ఆ మాటే. అడిగితే కుమగాయ్ గారు గాలి లోపలికి పీల్చి, తల పక్కకి వాల్చి, "ఇంట్లో ఒకమాట అడగాలి" అన్నారు. ఇక్కడ అది కాదు అనడమే, నాకు తెలుసు, అందుకే మళ్ళీ అడగలేదు. మర్నాడు నా బల్ల మీద ఆపిల్ పండ్ల పెట్టె పెట్టి ఉంది, కాదనడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఆ పెట్టె బరువు చెప్పింది. ఒనొదెర టీచర్‌గారిని అడగాల్సిన వాక్యం అద్దం ముందు చెప్పుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె కుళాయి దగ్గర కుంచెలు కడుగుతోంది, నల్లనీళ్ళు పోతున్నాయి. నేను సగం కూడా చెప్పలేదు. "ముద్ర ఎక్కడ వెయ్యాలి?" అంది. "చదవరా టీచర్‌గారూ?" "చదువుతాను. ముందు నువ్వు కూర్చో. అలా నిలబడి అడుగుతుంటే ఇన్సూరెన్సు వాళ్ళలా ఉన్నావు."

కూర్చున్నాను, ఆమె పొట్టి బల్ల దగ్గర, దాని మీద కప్పిన దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని. నేను రాసింది కూడా చదువుతానంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వేలు వాక్యం కింద నడిపిస్తూ చదివింది. లారీ తలుపు దగ్గర వేలు ఆగింది. సవాకుచి దగ్గర ఆగింది. చివరి వాక్యం దగ్గర ఆగి, అక్కడే ఉండిపోయింది. తర్వాత నా వైపు చూసి, "ఇక్కడ కాస్త చలిగా ఉంది కదా?" అంది.

నేను లేచి వెళ్ళి కిరసనాయిలు స్టవ్వు వెలిగించాను.

ఆమె నవ్వింది. పళ్ళు కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అవునవును, వేడి తగిలితే కరుగుతుంది" అంది. ఇంకాస్త పెంచమంటారా అని అడిగాను నేను. వద్దు వద్దని చెయ్యూపింది. ఏం నవ్వో అనుకుని నేనూ మర్యాదకి నవ్వాను. వెళ్ళబోతుంటే, "ముద్ర తెచ్చావా?" అంది. తెచ్చాను. "ఈ పైన, అంచులో ఒకటి వెయ్యి." అక్కడ రాత ఏమీ లేదు, తెల్లగా ఉంది. ఎందుకన్నాను. "ఊరికే. దీన్ని పారేసిన ముద్ర అంటారు. పనికొస్తే వస్తుంది, లేకపోతే లేదు." పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని, నాన్న పేరు ఆ ఖాళీ అంచులో వేశాను, తల కొంచెం వంచి.

ఇక్కడ కాస్త చలిగా ఉంది. ఇక్కడ. వేలు ఎక్కడుందో చూడకుండా నేను గది చూశాను. ఆమె చెప్పింది, రెండుసార్లు చెప్పింది, నేను స్టవ్వు వెలిగించాను. ఇప్పుడు ఈ హాల్లో, ఎర్ర అంకె కింద, కోటు గుండీ పట్టుకున్న బిడ్డ పక్కన, నాకు నవ్వొచ్చింది. ఆపుకుంటే భుజాలు కదిలాయి, బిడ్డ నన్ను చూసి ఆగి, తనూ నవ్వాడు. వాళ్ళమ్మ చూసింది, ఏమిటన్నట్టు, ఎలా చెప్పను, అమ్మా, నేనొక చలిని పొయ్యి పెట్టి వెచ్చచేశాను అని ఎలా చెప్పను. నవ్వు వెనకాలే ఇంకోటి వచ్చింది, ఆలస్యంగా, నాన్న లారీలో భయం వచ్చినట్టు. టీచర్‌గారు తప్పు చూసి వదిలేసింది. ఒప్పు మీద సున్నా చుట్టింది. అంచులో గుండ్రంగా, ఎర్రగా, నా చేతనే చుట్టించింది. దేనికి?

గంట మోగింది. నా నంబరు.

బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. కౌంటరు అవతల అమ్మాయి నాకన్నా చిన్నది, చొక్కా మీది చీటీలో కికుచి అని పేరు. రెండు చేతులతో ఫైలు ఇచ్చాను. ఆమె ఒక్కో కాగితం తిప్పుతోంది, పన్ను, పింఛను, ఉద్యోగం, పూచీ, ఒక్కోదాని మూల చిన్న టిక్కు. చేత్తో రాసిన కాగితం దగ్గర నెమ్మదించింది. చదువుతోంది. వాళ్ళు అక్కడ నిలబెట్టి చదవరని విన్నాను, కానీ ఈ అమ్మాయి చదువుతోంది, పెదవులు కొంచెం కదులుతున్నాయి, లారీ తలుపు దగ్గర కళ్ళు పైకెత్తి నన్ను ఒకసారి చూసి మళ్ళీ దించింది. చివరికి వేలు ఆగింది. సరిగ్గా టీచర్‌గారి వేలు ఆగినచోటే.

"లువ్సాన్ గారూ, ఈ అక్షరం..."

"తెలుసండీ. ఇప్పుడే చూశాను. దిద్దాలంటే ముద్ర కావాలి. ముద్ర ఇంట్లో మర్చిపోయాను."

ఆమె కాగితాన్ని నా వైపు తిప్పింది. "ముద్ర ఉంది కదండీ." అంచు మీద వేలు పెట్టింది. "ఇది ఇందుకే వేస్తారు. తర్వాత ఎక్కడైనా చిన్న తప్పు దొరికితే దిద్దుకోవచ్చని ముందే ఒప్పుకుని వేసే ముద్ర. మీకు తెలిసే వేశారనుకున్నాను."

తెలియదు, తెలియదు నాకు. తప్పు దొరక్కముందే దానికి ఒప్పుదల ఉంటుందని, అది నా జేబులో కాదు, ఆ కాగితం అంచులోనే, నాతోపాటే, మంచులో ఇంతదూరం నడిచి వచ్చిందని నాకు తెలియదు. దాని మీద నాన్న పేరుందని తెలుసు. నాన్న పేరు మీద నేను నిలబడి ఉన్నానని మాత్రం ఇప్పుడే, కాళ్ళ కింద ఏదో దూరంగా వెళ్ళి దూరంగా తిరిగొచ్చి మోగినట్టయి, తెలిసింది. ఎంత లోతు నీళ్ళు. ఎంత పల్చటిది మనం నడిచేది. అయినా లారీలు పోతాయి.

కికుచి గారు పెన్ను ఇచ్చింది. మంచుగడ్డ మీద రెండు గీతలు గీశాను. పక్కన ఖాళీలో నెత్తిన చుక్కతో మొదలుపెట్టాను, చుక్క, చిన్న అడ్డం, నిలువు, కొక్కెం, ఎగరేసి, ఈడ్చి, ఏడాది శనివారాలన్నీ చేతిలోకి వచ్చాయి. "అంచులో, ముద్ర పక్కన, ఒక అక్షరం తీసివేత, ఒక అక్షరం చేర్పు అని రాయండి" అంది. రాశాను. ఆమె మళ్ళీ పై పంక్తుల్లోకి వెళ్ళింది, ఒకచోట, ఇంకోచోట, పెన్ను మూతతో చూపిస్తూ, ఎంతో జాగ్రత్తగా అడిగింది, "ఇక్కడా, ఇక్కడా ఉన్న మంచు... అది మంచేనా అండీ?"

"అవునండీ. అక్కడ మంచే."

"అయితే అవి అలాగే ఉంటాయి" అని టిక్కు పెట్టింది. జవాబు రావడానికి నెలలు పడతాయని, ఎప్పుడొస్తుందో తను చెప్పలేనని, అనుమతి రావచ్చు, రాకపోవచ్చని, మర్యాదగా, అందరికీ చెప్పే గొంతుతో చెప్పింది. అందినట్టు చీటీ ఇస్తాం, పిలిచేదాకా కూర్చోండి అంది.

వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాను. వియత్నాం అమ్మాయి కౌంటరు దగ్గర నిలబడి ఉంది, బిడ్డ ఆమె భుజం మీదుగా నన్నే చూస్తున్నాడు. కిటికీ అవతల మంచు ఆగింది. సవాకుచి వాగు ఇప్పుడు అంచుల్లో గడ్డకట్టి, నడుమ పారుతూ ఉంటుంది, దాని పైన నా అరచేయంత చోట చప్పుడు మునుగుతూ ఉంటుంది, ఎవరూ కొట్టకపోయినా. ఇవాళ శనివారం కాదు, అయినా టీచర్‌గారి ఇంటికి వెళ్ళాలి, వెళ్ళి ఏమీ చెప్పకుండా, చలిగా ఉంది కదండీ అనాలి. నాన్నకి ఫోన్ చెయ్యాలి. ఏమని? విన్నాను నాన్నా, ఈసారి నిజంగా విన్నాను అని.

"లువ్సాన్ గారూ."

కికుచి గారు హాలంతా వినబడేట్టు పిలిచింది. నా తల దానంతట అదే వంగింది, తర్వాత పైకి లేచింది. చుట్టూ చూడలేదు నేను, నాన్న ఎక్కడున్నాడా అని.

"ఉన్నాను" అన్నాను, లేచి నిలబడి.